బండి వెనక గుండు

ఆమె పోయిందని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకున్నాను. నీళ్ల ట్యాంకరు ఆలస్యంగా వస్తుందన్న కబురుకూ, రెండో లిఫ్టు మరమ్మతులో ఉందన్న కబురుకూ మధ్యలో ఉంది ఆ వార్త. ఫ్లాటు నంబరు వేసి, అందులో ఉండే పెద్దావిడ కాలం చేశారని రాశారు. పేరు రాయలేదు. రాసినవాళ్లకు తెలిసి ఉండదు. కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. ఆమె మీద ఫిర్యాదు చేసినవాళ్ల చేతులు కూడా వాటిలో ఉన్నాయి. ఆమె చూసి ఉంటే, "ఇప్పుడు మొక్కుతుండ్రు" అని మూతి తిప్పుకుని వెళ్లిపోయేది.

నాకు పేరు తెలుసు. అయినా రాయను. పరిచయమైన కొత్తలో పేరు చివర 'గారు' తగిలించి పిలిస్తే, "పేరుతోని నువ్వేం జేస్తవే? పెద్దమ్మ అను, సాలు" అంది. అప్పట్నుంచి నాకు పెద్దమ్మే.

మేము నార్సింగిలో ఈ ఫ్లాటు కొనుక్కుని దిగిన కొత్త. మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం రాయదుర్గం వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఒకరోజు పొద్దున్న మీటింగుకు టైమైపోతోందని సెల్లారులో పరుగెత్తుతూ, మా కారుకూ పక్కనున్న పాత మోటార్‌సైకిలుకూ మధ్యన దూరాను. మోకాలి కింద ఎముక మీద ఇనపముద్ద ఒకటి ఠక్కున తగిలింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. కాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

చూస్తే, ఆ మోటార్‌సైకిల్ నంబరు ప్లేటు కింద బయటికి పొడుచుకొచ్చిన ఒక ఇనప పట్టీ, దాని మీద పెద్ద నిమ్మకాయంత గుండు. తుప్పు పట్టి ఇటుక రంగుకు తిరిగింది. ట్రాలీని తగిలించుకుని లాక్కెళ్లడానికి ఆ గుండు అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నన్ను కొట్టడానికే ఎవరో దాన్ని అక్కడ బిగించారనిపించింది.

"ఏందే బిడ్డా, కండ్లు కనవడ్తలేవా?"

స్తంభం వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. దాని వెనకే మనిషి. అరవై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, నడుముకు బిగించి దోపిన కొంగు, చేతిలో కొడవలి.

"ఏంటండీ ఇది? ఇలా బయటికి పెడితే ఎవరికైనా దెబ్బలు తగలవా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"అది నిలబడ్డకాడ్నే నిలబడ్డది. ఉరికింది నువ్వు."

ఆ మాట అంటూనే కొడవలి కింద పెట్టి నా ముందు గొంతుక్కూర్చుంది. బొటనవేలితో దెబ్బ చుట్టూ గట్టిగా నొక్కింది. నేను కెవ్వుమన్నాను. "ఇరగలే. నల్లగైతది, మల్ల పోతది. పో, ఆఫీసుకు పో" అని లేచి, హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్టు చేసి వెళ్లిపోయింది. సారీ లేదు, అయ్యో లేదు. నేను కోపంతో ఊగిపోతూ కుంటుకుంటూ ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా తలుపు గడియకు ఒక స్టీలు డబ్బా వేలాడుతోంది. లోపల ఇంకా వేడిగా ఉన్న జున్ను. ఎవరు పెట్టారో చెప్పే మనిషి లేడు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

మేముంటున్న ఈ బిల్డింగు కింద నేల వాళ్లది. జొన్నలు, కూరగాయలు పండేవట. బిల్డరుకు ఇచ్చినందుకు కొన్ని ఫ్లాట్లు వచ్చాయి. కొడుకులు విల్లాలకు వెళ్లిపోయారు, రమ్మని ఆమెను ఏటా పిలిచేవాళ్లు. ఆమె రెండో అంతస్తులోనే ఉండిపోయింది. కారణం ఆమె వంటింటి కిటికీ. దాంట్లోంచి చూస్తే ప్రహరీకి అవతల, హైటెన్షన్ తీగల కింద మిగిలిపోయిన చీలికలాంటి జాగా కనిపిస్తుంది. ఆ తీగల కింద ఎవరూ ఇల్లు కట్టకూడదు. అక్కడ ఆమె బర్రెల కొట్టం ఉండేది. "నా బర్రెలకు కరెంటు ఫికర్ లేదు. మీరే భయపడ్తరు" అనేది.

పొద్దున్నే బండికి ట్రాలీ తగిలించుకుని మూసీ ఒడ్డుకు పోయి పచ్చగడ్డి కోసుకొచ్చేది. ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో, ఆఫీసు బస్సులూ క్యాబులూ హారన్లు కొడుతుంటే, వెనక గడ్డి గుట్టతో, తన వేగంతో తను వచ్చేది. సిగ్నల్ దగ్గర కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవాళ్లు. ఒకసారి నేను పక్క కారులో ఉండగా చూశాను. ఫోను పట్టుకున్న అబ్బాయి వైపు హెల్మెట్ తిప్పి, "నన్నేం జూస్తవ్ కొడకా, సిగ్నల్ పడ్డది, పో" అంది. ఆ అబ్బాయి పాపం బండి ఆపేసుకుని మళ్లీ స్టార్టు చేసుకునేలోపు తనే ముందు వెళ్లిపోయింది.

లిఫ్టులో బటన్‌ను కొడవలి పిడితో నొక్కేది. ఆమె లోపల ఉంటే కొందరు ఎక్కకుండా ఆగిపోయేవాళ్లు. "రాండ్రి, రాండ్రి. నేను గడ్డే కోస్త" అనేది వాళ్లతో, ముఖంలో నవ్వు లేకుండా. వెనక్కి తగ్గినవాళ్ల ఇళ్లల్లో కాఫీకి మాత్రం ఆమె బర్రెల పాలే.

ఆ మోటార్‌సైకిల్ ఆమె భర్తది. గుండును బాలానగర్‌లో చేయించి తెచ్చి, ఆయనే స్వయంగా బిగించాడట. తిరక్కుండా ఆమె పైన పట్టుకుంటే, ఆయన కింద పానా వేశాడట. "ఇంక జాలు, ఇంక జాలు అంటున్న. ఇనలే. మొండోడు" అని చెప్పింది నాతో. మొండివాడని ఆమె ఒకరిని అనడం వింటే నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

బండి నడపడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆయన కొట్టంలో కూలబడిపోయాడు. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. కొడుకులకు ఫోన్లు చేస్తే కలవలేదు. అంబులెన్స్ దారి అడుగుతోంది కానీ రావడంలేదు. ఆమె ట్రాలీలో గడ్డి పరిచి, ఎవరినో సాయం పట్టమని ఆయన్ను పడుకోబెట్టి, తనే బండెక్కింది.

"గేర్లు ఎట్ల మారుస్తరో నాకు తెల్వదు. ఆయన పొద్దుగాల మొదటి గేరు ఏసుడు జూసిన. గా ఒక్కటే ఎరుక. గచ్చిబౌలి దాక గా గేరుల్నే పోయిన. బండి మొత్తుకుంటున్నది, నేను మొత్తుకుంటున్న."

ఆసుపత్రి పోర్టికో కింద ఆపితే సెక్యూరిటీ అడ్డమొచ్చాడట, సామాన్ల బండి ఇక్కడికి రాకూడదని. "సామాన్ గాదు, నా పెనిమిటి" అని, అతన్ని దాటుకుని లోపలికి నడిచి, స్ట్రెచరును తనే తోసుకుంటూ బయటికి వచ్చిందట. ఆయన ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు. మంచంలో కాదు, ట్రాలీలో. సాయంత్రాలు పరుపు వేసి కూర్చోబెట్టి, బర్రెల దగ్గరికీ చెరువు కట్టకూ తిప్పేది. ఆయన పోయాక ఆయన చొక్కాలు తను వేసుకోవడం మొదలుపెట్టింది. "మంచిగున్నయ్ బట్టలు. పారేస్తరా?" అంది నేనడిగితే.

ఇలాంటి మనిషి బండి మీద అసోసియేషన్ మీటింగు పెట్టింది.

కొత్త ప్రెసిడెంటు గోదావరి జిల్లాల నుంచి వచ్చినాయన. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. మాటకు ముందొక అండి, వెనకొక అండి. చెడ్డవాడు కాదు. సెల్లారులో ట్రాలీ నుంచి పేడ వాసన వస్తోందని కొందరు, గుండు తగిలి మోకాళ్లు వాచాయని కొందరు ఆయన ప్రాణం తీస్తుంటే మీటింగు పిలవక తప్పలేదు. క్లబ్‌హౌసులో ఏసీ వేసి కుర్చీలు వేశారు. పెద్దమ్మ వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది, చొక్కాకు గడ్డిపరకలతోనే.

"అమ్మగారూ, మీ మీద మాకెవరికీ వ్యక్తిగతంగా ఏమీ లేదండి. ఆ గుండు ఒక్కటి తీయించేస్తే ట్రాలీ సమస్య కూడా దానంతటదే తీరిపోతుందండి" అన్నారాయన.

"తీరుతది. మరి నా బర్రెల సంగతి?"

వెనకనుంచి ఎవరో, "ఇది గేటెడ్ కమ్యూనిటీ ఆంటీ, పల్లెటూరు కాదు" అన్నారు.

ఆమె కుర్చీలోనే వెనక్కి తిరిగింది. "బిడ్డా, నువ్వు కూసున్న కుర్చీ కింద మా మిరప చెట్లుండె. పల్లెటూరు యాడికి పోలే. మీరే దాని మీద ఎక్కి కూసున్నరు."

తర్వాత ఆమె లేచింది.

"సారూ, నేను తియ్య. తియ్యమంటే అసలే తియ్య. మీకు అడ్డమున్నదంటే మీరే తీస్కోండ్రి. గని కొయ్యొద్దు, పలగ్గొట్టొద్దు. ఎట్ల బిగిచ్చిండ్రో గట్లనే ఇప్పాలె. వచ్చిందా, ఆ దినం సంది ట్రాలీ ఈ గోడ లోపట కనవడది. రాలేదా, నా బండి సంగతి ఇగ ఎవలు ఎత్తొద్దు."

ప్రెసిడెంటు గారు చుట్టూ చూశారు. ఒక నట్టు విప్పడం ఎంతసేపన్న ధీమా అందరి ముఖాల్లోనూ ఉంది. "సరేనండి. ఆదివారం పొద్దున్న. మాటంటే మాటేనండి" అన్నారు.

నాకు భయం వేసింది. తుప్పు పట్టిందని ఆమె ధైర్యం కావచ్చు. కానీ తుప్పు ఎంత గట్టిదో ఎవరికి తెలుసు? ఓడిపోతే బర్రెలకు గడ్డెలా తెస్తుంది? ఆ మాటే అడిగితే, "ఓడిపోతే నెత్తి మీద మోస్త. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?" అంది.

ఆదివారం సెల్లారు తిరునాళ్లలా ఉంది. అపార్ట్‌మెంటు ప్లంబరు, ఎక్కడినుంచో పిలిపించిన బండ్ల మెకానిక్, వాళ్ల వెనక ఫోన్లలో వీడియోలు చూసి సలహాలు చెప్పే మావాళ్లు. పెద్దమ్మ ఒక దాణా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

గుండు అడుగున ఉన్న కాడ పట్టీలోంచి కిందికి దిగి, ఒక పెద్ద నట్టుతో బిగిసి ఉంది. తుప్పు వదిలే మందు కొట్టారు. సుత్తితో తట్టారు. పానా పట్టి మెకానిక్ బలంగా తిప్పాడు. నట్టు తిరిగింది. అందరూ హమ్మయ్య అన్నారు. కానీ నట్టుతో పాటు గుండు కూడా తిరుగుతోంది. నట్టూ కాడా తుప్పుతో ఒక్కటైపోయాయి. ఎంత తిప్పినా రెండూ కలిసి గిరగిర తిరుగుతాయి తప్ప ఒకదాన్నొకటి వదలవు. గుండును ఆపుదామంటే నున్నటి గోళం, పట్టు దొరకదు. గుడ్డ చుట్టి పట్టుకున్నారు, జారింది. ఇద్దరు పట్టుకున్నారు, ఇద్దరికీ జారింది. పానా తప్పి తప్పి నట్టు మూలలు అరిగిపోయాయి. ప్రెసిడెంటు గారు ఆగలేక తనే మోకాళ్ల మీద కూర్చుని ప్రయత్నించారు. చెయ్యి జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి.

పెద్దమ్మ పైకి వెళ్లి ఒక గిన్నెడు మజ్జిగా గ్లాసులూ తెచ్చింది. "తాగుండ్రి. అలిసిపోయిండ్రు" అంది. ఎగతాళి చేస్తోందో మర్యాద చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

మెకానిక్ చెమట తుడుచుకుని, "సార్, ఇది ఇగ రాదు. కటింగ్ మిషిన్ పెట్టాలె" అన్నాడు.

అయిదో అంతస్తు అబ్బాయి ఒకడు ఉత్సాహంగా, "పెట్టేద్దాం అంకుల్. రెండు నిమిషాల పని. ఆవిడకి కొత్తది ఏదైనా కొనిచ్చేద్దాం" అన్నాడు.

ప్రెసిడెంటు గారు నేల మీద నుంచి లేచారు. ప్యాంటు మోకాళ్ల దగ్గర నూనె మరకలు. చెయ్యికి రుమాలు చుట్టుకుంటూ, "కొయ్యబోమని చెప్పాం కదండీ. మాటిచ్చాం" అన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి, "మా వల్ల కాలేదండి" అన్నారు.

ఆమె మొదటి గ్లాసు ఆయనకే నింపి ఇచ్చింది.

ఆ సాయంత్రం నేను కిందికి దిగేసరికి ఆమె తన పాత చీర పేలిక ఒకటి ఆ గుండుకు మందంగా చుట్టి, తాడుతో కడుతోంది. ఎవరూ అడగలేదు. "పిల్లలు ఉరుకుతుంటరు" అంది. ఆ పేలిక ఏ రోజు జారినా ఆ రోజే మళ్లీ కట్టేది. ఎవరి మోకాలికీ దెబ్బ తగలకూడదు. కానీ ఎవరి మాటకూ గుండు దిగకూడదు.

తర్వాత కొన్నాళ్లకు హైటెన్షన్ తీగల కింద జాగాలోంచి రోడ్డు వచ్చింది. కొట్టం తీసేయాల్సి వచ్చింది. మట్టి తవ్వే యంత్రాలు వచ్చిన రోజు ఆమె బర్రెలను విప్పకుండా కొట్టం ముందు గడప మీద కూర్చుంది. యంత్రం నడిపేవాడికి మధ్యాహ్నం అన్నం కూడా పెట్టింది కానీ లేవలేదు. కొడుకులు వచ్చి, బతిమాలి, కోప్పడి, చివరికి ఏడ్చి లేపారు. ఆ పోరాటంలో ఆమె ఓడిపోయింది. ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు, అంతే. బర్రెలను శంకర్‌పల్లి వైపు వాళ్లకు అమ్మేశారు. వాటిని లారీ ఎక్కిస్తుంటే తాడు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ తనే ఎక్కించింది. చివరిదాని మెడ మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. అది తల విదిలించింది. ఆమె దిగి వచ్చేసింది.

ఇంక ట్రాలీ పని లేదని అందరం అనుకున్నాం. మర్నాడు పొద్దున్న కూడా ఆమె ట్రాలీ తగిలించుకుని వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. ఖాళీ ట్రాలీ గడగడమంటూ పోయేది, ఖాళీగానే తిరిగి వచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఎక్కడికి పెద్దమ్మా, ఖాళీ బండితో?"

"యాడికి లేదు. మూసీ దాక పోయొస్త."

"ట్రాలీ ఎందుకు మరి?"

"బర్రెలు పోయినయని సుత ట్రాలీ ఇడిశిపెడితే, అయిపాయె, ముసల్ది అణిగింది అంటరు. ఎవలన్నా అననీకె నేను అవకాశం ఇయ్య."

అణిగిందని అప్పటికి ఎవరూ అనలేదు. కానీ ఆ ఖాళీ చప్పుడు మా కిటికీల కింద నుంచి పోతుంటే, అనబోయినవాళ్లు కూడా ఊరుకున్నారనుకుంటాను.

తర్వాత వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం మా తలుపు కొట్టింది. వెనకాల ముప్పై ఏళ్ల అమ్మాయి, ఎండకు వాడిన ముఖం, చేతిలో హెల్మెట్.

"గుండు తీద్దాం, దా" అంది పెద్దమ్మ నాతో.

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి ఎవరో పెద్దమ్మే చెప్పింది. పెద్దమ్మ బర్రెల్లో రెండింటిని కొన్నది ఈ అమ్మాయే. మొగుడు చనిపోయాడు. పొలం నుంచి గడ్డి మోసుకురాలేక, తన బండికి ట్రాలీ కట్టుకుంటే బాగుంటుందని వచ్చి అడిగింది. ట్రాలీ ఇస్తే సరిపోదు. ఆ ట్రాలీ ముందు కొక్కెం మూతికి అతికేది ఆ గుండు ఒక్కటే.

"కొత్త గుండు దొరుకుతుంది కదా పెద్దమ్మా" అన్నాను.

"దొరుకుతది. గని దీనికి గదే కుదుర్తది. గా గుండుకు అలవాటైన మూతి. కొత్తదైతే ఎత్తుల ఎగిరి పడ్తది, పిల్ల రోడ్డు మీద ఆగమైతది."

ముగ్గురం కిందికి దిగాం. పేలిక విప్పి, నట్టుకు కిరోసినూ ఇంజనాయిలూ కలిపి పోశాం. పోసి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి వదిలేశాం. ఆ అమ్మాయి ఊరికి వెళ్లిపోయింది. తర్వాత వారమంతా పెద్దమ్మ అటు వెళ్లినప్పుడల్లా ఇంత నూనె పోసి నాలుగు దెబ్బలు తట్టేది. నేనూ ఆఫీసుకు వెళ్తూ తట్టేదాన్ని. రాయదుర్గంలో లిఫ్టు ఎక్కాక చూసుకుంటే చేతులకు కిరోసిన్ వాసన. మీటింగులో పక్కనున్నవాళ్లు ముక్కు ఎగబీల్చి చూసేవాళ్లు.

తర్వాతి శనివారం ఆ అమ్మాయి వచ్చాక మేం మళ్లీ మొదలుపెట్టేసరికి ఆ చప్పుడుకు ప్రెసిడెంటు గారు దిగి వచ్చారు. సంగతి తెలిసి వెనక్కి తిరిగి పైకి వెళ్లిపోయారు. నేను మొహం చిన్నబుచ్చుకున్నాను. కాసేపటికి చేతిలో ఒక బరువైన సంచితో వచ్చారు. లోపల పెద్ద పైపు రెంచి, పళ్లున్నది, ఎంత నున్నటి గుండునైనా కరిచి పట్టేది. ఇంకా ధర చీటీ కూడా ఊడలేదు.

"ఆ ఆదివారం తర్వాత కొన్నానండి" అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ. "వాడే అవకాశం లేదని తెలుసండి. అయినా ఇలాంటిది ఉండుంటే వచ్చేదా రాదా అని నిద్ర పట్టేది కాదు. నేను కూడా చెయ్యి వెయ్యొచ్చా అండి?"

పెద్దమ్మ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. "రా సారూ, పట్టు" అంది.

ఆయన రెంచితో గుండును కరిపించి, రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చున్నారు. ఆ అమ్మాయి తను తెచ్చిన, మంట చిమ్మే బ్లో ల్యాంపుతో నట్టును ఎర్రగా కాల్చింది. అరిగిన మూలల మీదికి పెద్దమ్మ పానాను సుత్తితో కొట్టి బిగించింది. పానా పిడికి పొడుగాటి ఇనప గొట్టం తొడిగి, దాని చివర నన్ను నిలబెట్టింది.

"ఏలాడు" అంది.

"ఏంటి?"

"కోతి లెక్క ఏలాడే బిడ్డా. నీ బరువంతా ఎయ్యి."

వేశాను. ఏమీ కాలేదు. ఆమె కూడా వచ్చి నా చేతుల పక్కన చేతులు వేసింది. ఆ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆ చేతుల్లో ఎండిన నరాలు తాళ్లలా లేచాయి. "గట్టిగ బిగిచ్చిండే నీ పెదనాయన" అంది, పళ్లు బిగించి. "ఇడువయ్యా ఇగ. ఇడువు."

ఫట్టుమని తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. గొట్టంతో పాటు నేనూ ఆమే నేల మీద పడ్డాం. ప్రెసిడెంటు గారు రెంచి పట్టుకునే వెనక్కి ఒరిగారు. ఆ అమ్మాయి భయపడి బ్లో ల్యాంపు ఆర్పేసింది. నట్టు ఒక్క చుట్టు తిరిగింది. గుండు కదల్లేదు.

చల్లారాక వేళ్లతోనే తిరిగింది. ఆమె పడ్డచోటనే కూర్చుని, ఎవరినీ ముట్టుకోనీయకుండా, చొక్కా అంచుతో పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పింది. చివర్లో చాలాసేపు తీసుకుంది. గుండు చేతిలోకి వచ్చాక రెండు చేతుల మధ్య పెట్టుకుని చూసింది. ఏడవలేదు. పెదవులు మాత్రం ఒకసారి లోపలికి ముడుచుకుంది. తర్వాత ఆ అమ్మాయి దోసిట్లో పెట్టి, "గ్రీజు పెడుతుండు. వానల తడవనీకు. నాలెక్క జేయకు" అంది.

ప్రెసిడెంటు గారు లేచి బట్టలు దులుపుకుంటూ, సంతోషం పట్టలేక, "మొత్తానికి తీశామండీ" అన్నారు.

"మీరు తియ్యలే సారూ," అంది పెద్దమ్మ. "నేను ఇచ్చిన."

ఆయన నవ్వారు. "అవునండి. మీరు ఇచ్చారు" అన్నారు.

ఆ అమ్మాయి బండికి గుండు బిగించి ట్రాలీ తగిలించాం. బిగించేటప్పుడు పైన పట్టుకున్నది పెద్దమ్మే. "ఇంక జాలు, ఇంక జాలు" అంటూనే ఉంది. ఆ పిల్ల వినలేదు. ట్రాలీ సర్వీసు రోడ్డు మలుపు తిరిగేదాకా పెద్దమ్మ నిలబడి చూసింది. తర్వాత నడుము పట్టుకుని మెల్లగా లిఫ్టు వైపు నడిచింది. ఆ రోజు ఆమె నిజంగానే ముసలిదానిలా కనిపించింది నాకు. ఇంక మర్నాటి నుంచి బయటికి రాదేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కింద ఆ మోటార్‌సైకిల్ చప్పుడు వినిపించింది. వెనక ట్రాలీ లేదు, గుండు లేదు. చొక్కా, హెల్మెట్, కొంగు దోపుడు మామూలే. రోజూ ట్రాలీ కోసం పెద్ద గేటు తీసే సెక్యూరిటీ అతను ఆమెను చూసి, రెండు చక్రాల బండే కదా అని, పక్కనున్న చిన్న గేటు తీశాడు. ఆమె బండి ఆపింది. హారన్ కొట్టింది. అతను చిన్న గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆమె కదల్లేదు. వెనక రెండు కార్లు వచ్చి ఆగాయి. వాళ్లూ హారన్లు కొట్టారు. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కాలు నేల మీద ఆనించి, ఎదురుగా చూస్తూ, మళ్లీ ఒకసారి హారన్ కొట్టింది.

అతను వెళ్లి పెద్ద గేటు ఒక రెక్క తీశాడు. ఆమె అక్కడే ఉంది. రెండో రెక్క కూడా తీశాడు. అప్పుడు గేరు వేసి, సరిగ్గా నడి మధ్యనుంచి, తన వేగంతో తను వెళ్లిపోయింది.